యేనా అద్దాలు

పాత బైనాక్యులర్ చేతికిస్తే నేను ముందు వెతికేది దాని మీద చెక్కిన ఊరి పేరు. యేనా అని ఉంటే ఇక వదలబుద్ధి కాదు. తలకిందుల బొమ్మను పట్టకాలతో నిలబెట్టే పద్ధతికి ఇటలీవాడు పోరో 1854లోనే పేటెంటు తీసుకున్నాడు. కానీ అందుకు తగ్గ గాజు అప్పట్లో దొరకలేదు. జర్మనీలోని యేనాలో అబ్బే, షాట్ కలిసి మేలైన గాజు సాధించాకే, 1894లో జైస్ కంపెనీ పట్టకాల బైనాక్యులర్లను అమ్మకానికి తెచ్చింది. 1935లో అక్కడే పనిచేసే స్మకులా కటకాలకు పలుచని పూత వేసి, వెలుగు వృథా కాకుండా చేశాడు. నా దృష్టిలో అన్నిటికన్నా గొప్ప మార్పు అదే. యుద్ధం తర్వాత కంపెనీ రెండు ముక్కలైంది, యేనా తూర్పు జర్మనీకి పోయింది. నా 8×30 యెనోప్టెమ్ బైనాక్యులర్ ఆ కాలంలో అక్కడ తయారైనదే.

మా విశాఖ ఉక్కకు కటకాలకు బూజు పడుతుంది. కొనేముందు ముందువైపు నుంచి టార్చి వేయండి. లోపల సాలెగూడు లాంటి పోగులు కనిపిస్తే వద్దనండి. దూరపు కరెంటు స్తంభం రెండుగా కనిపిస్తే పట్టకం కదిలినట్టే. తోలు పెట్టె చెమ్మ పట్టి ఉంచుతుంది, అందుకే నాది సిలికా జెల్ పొట్లాలతో బిగుతు మూత డబ్బాలో ఉంటుంది. పూతను మాత్రం చొక్కా కొసతో తుడవకండి, ముందు మెత్తని బ్రష్షుతో దుమ్ము దులపండి.