గడ్డిపూవును చదివినవారు

గడ్డికి పూవు కలదన్నచో కొందరు శ్రోతలు నవ్వవచ్చును. దానికి రంగురేకులు లేవు, తేనె లేదు. గాలియే దానికి తుమ్మెద. గరికకును రెల్లునకును గల భేదమును పసులకాపరి దూరమునుండియే చెప్పగలడు. కాని ఒకే పోలికలోనున్న గడ్డులను వేరుపరుపవలసినచో కంకిని విప్పి భూతద్దముతో చూడక తప్పదు.

1753లో స్వీడనుదేశపు పండితుడు లినేయసు మొక్కలను కేసరముల లెక్కనుబట్టి తరగతులుగా విభజించెను. గోధుమకు మూడు కేసరములు, వరికి ఆరు. అందుచే మన అన్నమును, ఔత్తరాహుల రొట్టెయు వేర్వేరు తరగతులలో పడినవి. మొక్కజొన్న మఱియొక చోటికి పోయినది. లెక్క సరియైనదే, చుట్టరికమే చెడినది! 1810లోను, 1814లోను రాబర్టు బ్రౌను కంకిలోని చిఱుకంకి నిర్మాణమును పరిశీలించి దారి చూపెను. రెండు పూవులలో క్రిందిది కుంటుపడి పైది గింజకట్టునది ఒక తెగ. పైపూవులు కుంటుపడునది వేరొక తెగ. జొన్న, కొఱ్ఱ, చెఱకు మొదటి తెగవి, గోధుమ రెండవదానిది.

ఈ కథలో మన సామర్లకోటకును పాలు కలదు. అచ్చటి కుంపిణీ తోటకు అధికారియైన వైద్యుడు విలియం రాక్సుబరో, దేశీయ చిత్రకారులచే మొక్కల బొమ్మలు వ్రాయించి, వాని తెలుగు పేర్లను గూడ వ్రాసికొనెను. 1793లో ఆయన కలకత్తా తోటకు వెడలెను. టిప్పుసుల్తానుతో 1792లో ముగిసిన యుద్ధకాలమున క్లాడు మార్టిను అను సేనాని బాలాఘాటు మెట్టలలో ఒక గడ్డిని చూచెను. పశువులు దానిని ఆబగా మేయుచుండెను. వాని పాలకు, వెన్నకు గూడ ఆ గడ్డి వాసన పట్టుచుండెను. మార్టిను పంపిన విత్తులను రాక్సుబరో మొలిపించి, ఆ గడ్డికి ఆయన పేరే పెట్టెను. రాక్సుబరో 1815లో మరణించెను; ఆ పేరు 1820లో గాని అచ్చుకాలేదు.

అదియే రోషాగడ్డి. దాని నూనె బొంబాయి రేవునుండి తురుష్కదేశమునకు పోయి గులాబి అత్తరులో కల్తీ అగుచుండెను. ఇంత వ్యాపారము సాగుచున్నను, పండితులు దీనిని తక్కిన సుగంధపు గడ్డులతో ఒకే పేరు క్రింద కలిపివేసిరి. 1906లో క్యూ ఉద్యానమునందలి ఆటో స్టాఫు ఆ చిక్కు విప్పెను. చిఱుకంకులు జతలుగా నుండును; కాడలేనిదాని క్రిందిపొట్టు వీపున లోతైన గాడి కలదు. నిమ్మగడ్డికి అట్టి గాడి లేదు.

ఐనను రోషాగడ్డిలోనే మోతియా, సోఫియా అను రెండు రకములున్నవి. మోతియా నూనెకు గులాబి పరిమళము, మంచి వెల, సోఫియా చవుక. ఈ రెంటికిని పూవునందు భేదము చిక్కదు, నూనె వాసనలో తేడా కలదు.