గుంటూరుకు డాక్టరమ్మ వచ్చిన దారి

గుంటూరు బ్రాడీపేటలో ఆంధ్ర ఇవాంజెలికల్ లూథరన్ సంఘం కేంద్ర కార్యాలయం ఉంది. ఈ సంఘం ఏర్పడింది 1927లో. దాని చరిత్ర మొదలైంది మాత్రం 1842 జూలై 31న. జర్మనీలో పుట్టి అమెరికాలో స్థిరపడిన జాన్ క్రిస్టియన్ ఫ్రెడరిక్ హయ్యర్ అనే పాదిరి ఆ రోజున గుంటూరు చేరాడు. అప్పటికి ఆయనకు 49 ఏళ్లు. 1841 అక్టోబరులో బోస్టన్‌లో ఓడ ఎక్కి, ఆఫ్రికా కొసను చుట్టి, మరుసటి మార్చికి కొలంబోలో దిగాడు. అక్కడి నుంచి తూత్తుకుడి దాటి, పల్లకిలో మద్రాసుకు, ఆపైన గుంటూరుకు వచ్చాడు. ప్రయాణానికే దాదాపు పది నెలలు పట్టింది. ఇక్కడ ఆయనకు ఆశ్రయమిచ్చి నిలబెట్టినవాడు జిల్లా కలెక్టరు స్టోక్స్.

హయ్యర్ చూసిన గుంటూరు సీమ డొక్కల కరువు దెబ్బ నుంచి ఇంకా తేరుకోలేదు. 1833 నాటి ఆ కరువులో జిల్లా జనాభాలో పెద్ద భాగం తుడిచిపెట్టుకుపోయింది. బతికినవారికి వైద్యమంటే నాటు మందులు, మంత్రసాని, అమ్మవారికి మొక్కులు. కొన్నేళ్లు ఇక్కడ ఉండి అమెరికా తిరిగి వెళ్లినప్పుడు హయ్యర్ బాల్టిమోర్‌లో వైద్యం చదివి పట్టా తీసుకున్నాడు. యాభై దాటిన వయసులో వైద్య విద్యార్థిగా కూర్చోవడం చిన్న నిర్ణయం కాదు. బోధన ఒక్కటే చాలదని ఆయనకు పల్లెలే చెప్పి ఉండాలి. పట్టాతో తిరిగి వచ్చి పల్నాడు దాకా పని విస్తరించాడు.

అయితే మగ డాక్టరు ఎంత మంచివాడైనా సగం జనానికి అందడు. గోషాలో ఉండే ముస్లిం స్త్రీలు గానీ, పెద్ద కులాల ఇళ్లలోని ఆడవాళ్లు గానీ పరాయి మగవాడికి చెయ్యి చూపించుకోరు. కాన్పు కష్టమైతే మంత్రసాని చేతిలో ఉన్నంతే. ఆడ డాక్టరు కావాలని గుంటూరులో పనిచేస్తున్న ఆడమ్ రో అనే మిషనరీ అమెరికాకు రాసిన ఉత్తరం అన్నా సారా కుగ్లర్ చేతికి చేరింది.

కుగ్లర్ 1856లో పెన్సిల్వేనియా రాష్ట్రం ఆర్డ్‌మోర్‌లో పుట్టింది. 1879లో ఫిలడెల్ఫియాలోని మహిళా వైద్య కళాశాలలో పట్టా పొంది, నారిస్‌టౌన్ ప్రభుత్వాసుపత్రిలో పనిచేసింది. మన ఆనందీబాయి జోషి 1886లో పట్టా అందుకున్నది ఆ కళాశాలలోనే. ఆనందీబాయి వైద్యం చదవడానికి అమెరికా గడ్డ మీద అడుగుపెట్టిన సంవత్సరం, కుగ్లర్ వైద్యం చెయ్యడానికి గుంటూరు వచ్చిన సంవత్సరం కూడా ఒకటే: 1883.

కుగ్లర్ దరఖాస్తును లూథరన్ మహిళా మిషన్ సంఘం వెంటనే ఒప్పుకోలేదు. వైద్య సేవకు తామింకా సిద్ధంగా లేమంది. చివరికి పంపింది కూడా డాక్టరుగా కాదు, జనానాల్లో, అంటే ఇళ్లలో ఆడవాళ్లుండే భాగాల్లో, స్త్రీలకు చదువు చెప్పే పనికి. ఆమె 1883 నవంబరు 29న గుంటూరు చేరింది. 1869లో సూయజ్ కాలువ తెరుచుకున్నాక సముద్ర ప్రయాణానికి పట్టే కాలం బాగా తగ్గిపోయినా, మద్రాసు దాటాక దారి పాతదే. ఇటు ఇంకా రైలు రాలేదు. తీరం వెంబడి ఓడలు, పెదగంజాం దగ్గర కొమ్మమూరు కాలువతో కలిసే బకింగ్‌హాం కాలువలో పడవలు, ఆపైన ఎడ్లబండి. వానకు నానిన నల్లరేగడిలో బండి చక్రం ఇరుసు దాకా దిగబడేది.

ఊరు చేరడం ఒక ఎత్తయితే, ఇళ్లలోకి చేరడం మరో ఎత్తు. సరైన పరికరాలు లేవు, ఆసుపత్రి లేదు. పైగా ఆమె తాకితే మైల. ఆమె వచ్చి చూసి వెళ్లాక రోగి తాకిన బట్టలన్నీ తడిపేవారు. చెయ్యి పట్టి నాడి చూసే మనిషికి ఇది రోజూ ఎదురయ్యే అవమానమే. ఆమె మాత్రం పిలిచిన ప్రతి ఇంటికీ వెళ్లింది. మొదటి ఏడాదే జనానా గృహంలో 276 మందికి, వాళ్ల వాళ్ల ఇళ్లలో 185 మందికి వైద్యం చేసింది. బడుల బాధ్యత దీనికి తోడు. మిషన్ సంఘం ఆమెను వైద్య మిషనరీగా గుర్తించింది 1885 డిసెంబరులో, అంటే రెండేళ్ల తర్వాత. ఆ గుర్తింపు తెచ్చింది అర్జీలు కావు, గుమ్మం దగ్గర చేరిన రోగులు.

దేశమంతటా గాలి అటే వీస్తోంది. మద్రాసు వైద్య కళాశాల 1875లోనే స్త్రీలను చేర్చుకుంది. స్త్రీలకు స్త్రీలచేత వైద్యం అందించడానికి 1885లో డఫరిన్ నిధి ఏర్పడింది. గుంటూరులో మాత్రం పని చందాల మీద సాగాలి. 1886లో చిన్న మందుల ఇల్లు తెరిచారు. తర్వాత 18 ఎకరాల స్థలం కొన్నారు, 1893లో సొంత డిస్పెన్సరీ లేచింది. 1897 జూన్ 23న 50 పడకలతో స్త్రీల, పిల్లల ఆసుపత్రి ప్రారంభమైంది. కుగ్లర్ గుంటూరు చేరి అప్పటికి పదమూడున్నర ఏళ్లు.

కొత్తగా వచ్చేవారి పరిస్థితి కూడా దీంతో మారింది. 1890ల నడుమ వచ్చిన నర్సు కేథరిన్ ఫాస్, డాక్టర్ మేరీ బేర్ దిగేసరికి మందుల గది, రోగులు, డాక్టరమ్మ మీద నమ్మకం సిద్ధంగా ఉన్నాయి. ఫాస్ ఇక్కడి అమ్మాయిలకు నర్సు పని నేర్పింది. మిషన్ వైద్యంలో ఎక్కువకాలం నిలిచిన మేలు ఇదే అనాలి, ఎందుకంటే ఆ తర్వాత ఓడ దిగేవారి కోసం రోగులు ఎదురుచూడాల్సిన అవసరం తగ్గింది.

తన ఇంట్లోవారికి జరిగిన వైద్యానికి కృతజ్ఞతగా ఏలూరు రాజా భుజంగరావు ఆసుపత్రి ఎదుట రోగుల బంధువులకు సత్రం కట్టించాడు. దూరపు ఊళ్ల నుంచి బండి కట్టుకుని వచ్చేవారికి మందు కన్నా ముందు కావలసింది తలదాచుకునే చోటు, వండుకునే పొయ్యి. ప్రభుత్వం 1905లో కుగ్లర్‌కు కైసర్-ఇ-హింద్ పతకం ఇచ్చింది. 1930 జూలై 26న ఆమె గుంటూరులోనే కన్నుమూసింది. ఆసుపత్రికి ఆమె పేరే పెట్టారు. ఊళ్లో ఇప్పటికీ దాన్ని కుగ్లర్ ఆసుపత్రి అంటారు.