కంటిలో పాప ఎవరు?

ముద్దుబిడ్డను కంటిపాపతో పోల్చుట తెలుగువారికి పరిపాటి. కంటి నడుమ నల్లగా, గుండ్రముగా కనిపించే భాగానికే ఆ పేరు. ముక్కులో, చెవిలో లేని పాప కంటిలోకి ఎట్లా వచ్చినది?

ఈ వింత తెలుగుకే పరిమితం కాదు. సంస్కృతంలో కనీనిక అంటే కంటిపాప, చిన్నపిల్ల కూడ. తమిళంలో పావై, హిందీలో పుత్లీ అనే మాటలకు బొమ్మ అనీ, కంటిపాప అనీ రెండర్థాలున్నవి. గ్రీకు భాషలో కోరే అంటే బాలిక. లాటిన్‌లో ప్యూపిల్లా అంటే చిన్నారి బాలిక. ఇంగ్లీషు ప్యూపిల్ ఈ లాటిన్ మాటనుండి వచ్చినదే. అరబ్బులు దానిని కంటిలోని మనిషి అన్నారు.

ఈ భాషలన్నీ ఒకే కుటుంబానివి కావు. వీటిని కలిపేది ఒక పరిశీలన. ఎదుటివారి కంటిలోకి దగ్గరగా చూస్తే, ఆ నల్లదనంలో చూచేవారి రూపమే బొమ్మంతగా కనిపిస్తుంది. ప్లేటో పేరిట ప్రసిద్ధమైన ఆల్కిబియాడిస్ సంవాదంలో ఈ సంగతి స్పష్టంగా ఉన్నది.

అయితే ఆ బొమ్మ నిజంగా కంటిపాపలో ఏర్పడదు. కంటిపాప ఒక రంధ్రం మాత్రమే. లోపలికి పోయిన వెలుతురు దాదాపు తిరిగి రాదు గనుక అది నల్లగా ఉంటుంది. దాని ముందున్న పారదర్శకమైన పొర, అంటే కార్నియా, కుంభాకార దర్పణంవలె పనిచేస్తుంది. దాని వక్రతా వ్యాసార్థం సుమారు 8 మిల్లీమీటర్లు. నాభ్యంతరం అందులో సగం. 40 సెంటీమీటర్ల దూరాన ఉన్న 20 సెంటీమీటర్ల ముఖం అందులో సుమారు 2 మిల్లీమీటర్ల ప్రతిబింబమవుతుంది. చీకటిగదికి ఉన్న కిటికీ అద్దంలో మన నీడ బాగా కనబడినట్లే, వెనుక నల్లదనం ఉండుటచేత ఈ బొమ్మ తేటగా కనిపిస్తుంది.

1619లో క్రిస్టొఫ్ షైనర్ ఈ ప్రతిబింబాన్నే కొలతకు వాడినాడు. కంటిలో కనబడే కిటికీ బొమ్మను వేర్వేరు పరిమాణాల గాజుగోళీలలోని బొమ్మతో పోల్చి, సరిపడిన గోళీనిబట్టి కార్నియా వంపును అంచనా కట్టినాడు. 19వ శతాబ్ది నడుమ హెల్మ్‌హోల్ట్జ్ దీనికి కచ్చితమైన పరికరాన్ని నిర్మించినాడు. నేడు శుక్లం తీసి కృత్రిమ కటకం అమర్చడానికి ముందు వైద్యులు కార్నియా వంపును కొలిచేది ఈ సూత్రంతోనే.

పేరు పెట్టిన ప్రాచీనులు బొమ్మ ఉన్న చోటును పొరబడినారు గాని, వారు చూచినది మాత్రం నిజం. కిటికీ దగ్గర నిలబడి ఇద్దరు విద్యార్థులు ఒకరి కంటిలోకి ఒకరు చూచుకొంటే చాలు, ఆ పాప ఎవరో తెలిసిపోతుంది.