గత్తర వెళ్ళిపోయిన తరువాత

మా వేపు పెద్దవాళ్ళకు కోపం వస్తే ఒక తిట్టు తిడతారు. "నిన్ను గత్తరెత్తుక పోను!" అని. కోస్తా నుంచి మా ఇంటికి వచ్చిన తోడికోడలు ఆ మాట మొదటిసారి విని బెదిరిపోయింది. "గత్తరంటే ఏమిటక్కా, దయ్యమా?" అని నా చెవిలో అడిగింది.

"దయ్యం కాదమ్మా, కలరా!" అన్నాను.

ఒకప్పుడు ఊళ్ళకు ఊళ్ళను ఊడ్చుకుపోయిన జబ్బు అది. ఇప్పుడు అంత భయం లేదు. కాని తిట్టులో మిగిలింది. పని తొందరలో కాలూ చేయీ ఆడకపోతే "గత్తరబిత్తర అయితున్న" అంటారు చూడండి, అక్కడా మిగిలింది. జబ్బు పోయినా మాట మిగిలిందన్న మాట. మాట ఒక్కటే మిగిలితే బాధ లేదు. ఇంకా ఏమేమి మిగిలిపోతాయో లెక్క రాసిపెట్టేవాళ్ళు లేకపోవడమే బాధ!

మాది శ్రీరాంపూర్. 2016 దాకా ఆదిలాబాదు జిల్లా, ఇప్పుడు మంచిర్యాల జిల్లా. చుట్టూ బొగ్గుబాయిలు. ఇక్కడి ఇల్లాలికి తిథీ వారం కంటే షిఫ్టు ముఖ్యం. ఫస్టు షిఫ్టయితే తెల్లారకముందే పొయ్యి వెలగాలి. నైట్ షిఫ్టయితే పగలు పిల్లలు గొంతెత్తి మాట్లాడకూడదు. "ఇవాళ ఏ వారం?" అంటే చప్పున చెప్పలేం గాని, "ఈ వారం ఏ షిఫ్టు?" అంటే నిద్రలో లేపినా చెబుతాం.

అలాంటి ఊళ్ళో గడియారం ఆగిపోయింది. 2020 ఫిబ్రవరిలో మేడారం జాతరకు వెళ్ళి, సమ్మక్క సారలమ్మలకు నిలువెత్తు బంగారం, అదే, బెల్లం సమర్పించి వచ్చిన వాళ్ళం, మార్చి 22న జనతా కర్ఫ్యూ అంటే గుమ్మంలో నిలబడి చప్పట్లు కొట్టాం. రాష్ట్రంలో లాక్‌డౌన్ అని ఆ రోజే చెప్పారు. మూడు రోజులకు దేశమంతటా తాళం పడింది. ఏప్రిల్‌లో భూగర్భ గనులకు లేఆఫ్ ఇచ్చారు. లేఆఫ్ అంటే చట్ట ప్రకారం సగం జీతం. ఓపెన్‌కాస్టుల్లో మాత్రం తవ్వకం నడిచింది. కరెంటు ఆగకూడదు కదా!

మొదటి వారం పండగలాగే వుంది. మగవాళ్ళు ఇంటిపట్టున వుంటే ఎంత బాగుంటుందో అని ఏళ్ళ తరబడి అనుకున్నవాళ్ళమే. రెండో వారానికి, రోజుకు ఎన్నిసార్లు టీ పెట్టానో లెక్క పెట్టడం మొదలు పెట్టాను. మూడో వారానికి లెక్క మానేశాను. అవన్నీ నవ్వుకునే సంగతులే. నవ్వుకోలేనిది ఒకటుంది, అది చెబుదామనే కూర్చున్నాను.

మా ఇంట్లో బోళ్ళు తోమే అక్క వుంది. నాకంటే కొంచెం పెద్ద. కూతురు పోతే మనవరాలిని తానే పెంచుకుంటోంది. ఇద్దరికీ కలిపి ఒకటే గది. మార్చి ఆఖరున, "కొన్నాళ్ళు రావద్దక్కా, జీతం ఇస్తాలే" అన్నాను. నాలోని ధర్మాత్మురాలికి నేనే మురిసిపోయాను కూడా. రెండు నెలలు ఇచ్చాను. మూడో నెల ఇవ్వలేదు. మా ఇంట్లోనూ ఇబ్బందిగానే వుంది. ఆమె అడగలేదు. అడగలేదు కనక అక్కర లేదనుకున్నాను. మనసుకు సర్దిచెప్పుకోవడానికి మనకు వేరే గురువు కావాలా?

ఆమెకు అప్పటికే దగ్గు. సాయంకాలమయ్యేసరికి ఒళ్ళు వెచ్చబడేది. వేరే రోజులయితే ఆటో ఎక్కి దవాఖానకు పోయేదే. కాని ఆర్టీసీ బస్సులు మార్చి 22న ఆగి మే 19 దాకా తిరగలేదు. తిరిగాక మాత్రం? "దగ్గుతున్ననంటే కరోనా అని పట్టుకపోతరమ్మా. గల్లీకి బొంగులు కట్టి బంద్ జేస్తరు. వాడకట్టోళ్ళు నన్ను తిట్టిపోస్తరు" అన్నది. కొంగు నోట్లో కుక్కుకుని దగ్గు మింగడం నేర్చుకుంది. బతుకమ్మ పండగనాటికి మనిషి సగమయింది. అప్పుడు పరీక్ష చేయిస్తే టీబీ. ఒకే గదిలో పక్కపక్కన పడుకున్న మనవరాలికీ అంటుకుంది.

ఆరు నెలలు మందులు మింగారు. ఇద్దరూ బతికి బయటపడ్డారు, అదృష్టం. కాని అక్క ఊపిరితిత్తి ఇదివరకటిది కాదు. నిండు బకెట్ ఎత్తితే ఆయాసం. ఆ మధ్య ఎవరో "మీ ఇంట్ల కరోనా వచ్చిందా?" అని అడిగితే, "మాకు రాలేదమ్మా, దేవుని దయ" అన్నది.

నిజమే, రాలేదు! ప్రభుత్వం రోజూ సాయంత్రం ప్రకటించిన లెక్కల్లో ఆ ఇంటి అంకె సున్న. ఆ సున్న దగ్గరే నా ఆలోచన ఆగిపోయింది.

ఇది మా అక్క ఒక్కదాని కథ కాదు. 2019లో మన దేశంలో 24 లక్షలకు పైగా టీబీ కేసులు నమోదయ్యాయి. 2020లో 18 లక్షలు. అంకె తగ్గిందని సంతోషించేరు! జబ్బు తగ్గలేదు, జబ్బును కనిపెట్టడం తగ్గింది. మందు వాడని టీబీ రోగి ఒక్కరు ఏడాదిలో పది పదిహేను మందికి అంటించగలరంటారు వైద్యులు. దశాబ్దానికి పైగా తగ్గుతూ వచ్చిన టీబీ మరణాలు ప్రపంచమంతటా ఆ ఏడు మళ్ళీ పెరిగాయి. పసిపిల్లలకు వేసే టీకాల సంగతీ అంతే. కంఠసర్పి, ధనుర్వాతం, కోరింత దగ్గులకు కలిపి వేసే టీకా ఒక్క మోతాదయినా అందని పిల్లలు 2019లో దేశంలో 14 లక్షలయితే, 2020లో 30 లక్షలు.

కట్టడి చేసినప్పుడు కట్టడిలో వున్నవాళ్ళ సంగతి మరచిపోవడం మనకు కొత్తా అంటే, కాదు. 2020 మార్చిలో తెలంగాణ ప్రభుత్వం కరోనా నిబంధనలు జారీ చేసింది ఏ చట్టం కింద అనుకున్నారు? 1897 నాటి అంటువ్యాధుల చట్టం కింద. బొంబాయిలో ప్లేగు చెలరేగినప్పుడు ఇంగ్లీషు దొరలు హడావుడిగా చేసిన చట్టం. ముచ్చటగా నాలుగే సెక్షన్లతో పుట్టింది. మొదటిది పేరు. రెండోది సర్కారు ఏమేమి చేయవచ్చో చెబుతుంది. మూడోది మాట విననివాడికి శిక్ష. నాలుగోది సదుద్దేశంతో పని చేసిన అధికారి మీద దావా వేయకూడదని. తలుపు మూసినవాడు లోపలివాళ్ళకు తిండి పెట్టాలనో, వేరే జబ్బుకు మందు అందించాలనో ఒక్క ముక్క లేదు. మూసే చెయ్యి వుంది గాని, పెట్టే చెయ్యి లేదు!

ఆ చట్టం వచ్చిన ఏడే పుణెలో సైనికులు ఇల్లిల్లూ సోదా చేశారు. వంటిళ్ళలో, దేవుడి గదుల్లో దూరారు. ఆడవాళ్ళను పరీక్షల పేరుతో అవమానించారని జనం రగిలిపోయారు. జూన్ 22 రాత్రి ప్లేగు అధికారి రాండ్ మీద చాపేకర్ సోదరులు కాల్పులు జరిపారు. అదే పుణెలో మార్చి 10న సావిత్రీబాయి ఫూలే ప్లేగు రోగులకు సేవ చేస్తూ, ఆ జబ్బే సోకి కన్ను మూసింది. ఒకే ఊరు, ఒకే జబ్బు. ఒకరు తలుపు బద్దలు కొట్టుకుని లోపలికి వెళ్ళారు, ఒకరు చేతులు చాచుకుని వెళ్ళారు.

తరువాత 1918లో ఇన్‌ఫ్లుయెంజా వచ్చింది. దేశంలో కోటికి పైగా జనం పోయారు. జనాభా లెక్కలు మొదలయ్యాక మన దేశ జనాభా తగ్గిన దశాబ్దం 1911-21 ఒక్కటే. మన హైదరాబాదు సంస్థానంలో 1911లో కోటీ 33 లక్షల మంది వుంటే, 1921లో కోటీ 24 లక్షలే. అప్పుడు మగవాళ్ళ కంటే ఆడవాళ్ళు ఎక్కువగా పోయారు. ఎందుకో చెప్పడానికి పెద్ద పరిశోధన అక్కర లేదేమో! ఇంట్లో పదిమంది పడకేస్తే పదకొండో మనిషి లేచి గంజి కాచాలి. ఆ పదకొండో మనిషి ఎవరో మీకూ తెలుసు, నాకూ తెలుసు. చివరకు మిగిలిన గంజి తాగేదీ ఆమే.

మళ్ళీ మన కాలానికి వద్దాం. వైన్ షాపులు మార్చి 22 నుంచి మే 6 దాకా మూశారు. మందు దొరకక, కల్లు దొరకక పిచ్చెత్తిపోయినవాళ్ళతో హైదరాబాదు ఎర్రగడ్డ మానసిక వైద్యశాల నిండిపోయింది. మా లైన్లోనే ఒకామె, "నలభై రోజులు ఇల్లు ఇల్లులెక్క వున్నది" అంటే, ఇంకొకామె, "పోయేతందుకు జాగ లేక నాలుగు గోడల నడుమ దెబ్బలు తిన్న" అన్నది. తలుపు అదే, తాళమూ అదే! బాధిత స్త్రీలు బయటికి వచ్చి ఫిర్యాదు చేయలేక పోతున్నారని జాతీయ మహిళా కమిషన్ ఆ ఏప్రిల్‌లో వాట్సాప్ నంబరు పెట్టవలసి వచ్చింది.

పిల్లల బడుల సంగతి చూడండి. 2020 మార్చిలో మూసిన ప్రాథమిక పాఠశాలలు మళ్ళీ తెరిచింది 2021 సెప్టెంబరు 1న. ఏడాదిన్నర! టీవీలో పాఠాలు చెప్పారు, కాదనను. ఒక్క ఫోను, ముగ్గురు పిల్లలు వున్న ఇంట్లో పాఠం ఎవరికి? మధ్యాహ్నం బడిలో పెట్టే అన్నం, గుడ్డు టీవీలోంచి రావు కదా! మూడో తరగతి పిల్లల్లో రెండో తరగతి వాచకం చదవగలిగిన వాళ్ళు 2018లో దేశం మొత్తం మీద నూటికి 27 మంది. 2022లో 20 మందే.

ఇక నడిచిపోయినవాళ్ళు. మన ములుగు జిల్లా మిర్చి తోటల్లో పని చేసి, దారులు మూసేస్తే, ఛత్తీస్‌గఢ్‌లోని ఇంటికి అడవుల వెంట మూడు రోజులు నడిచి, ఇల్లు చేరబోతూ 2020 ఏప్రిల్ 18న కూలిపోయింది ఒక పన్నెండేళ్ళ పిల్ల. ఆమెకూ కరోనా లేదు. ఆమె ఇంటి అంకె కూడా సున్నే.

ఇదంతా చదివి, నేను లాక్‌డౌనే వద్దన్నానని ఎవరూ అనుకోకండి. 2021 వేసవిలో ఆక్సిజన్ కోసం జనం పరుగెత్తడం చూసినదాన్ని. ఆ ఏడు మే 12న మళ్ళీ లాక్‌డౌన్ పెడితే, పెట్టడమే మంచిదని నేనూ అన్నాను. 2020లో మన సర్కారు మనిషికి 12 కిలోల బియ్యం, కార్డుకు 1500 రూపాయలు ఇచ్చింది. అదీ మరచిపోకూడదు. ఆశా కార్యకర్తలు ఎండలో ఇల్లిల్లూ తిరిగారు. నా గొడవ తాళం మీద కాదు. తాళం వేసినప్పుడే, తాళంచెవులు ఎవరెవరి దగ్గర వుండాలో అనుకోకపోవడం మీద. టీబీ మందు ఇంటికి ఎవరు తేవాలి? టీకా ఏ రోజు, ఎక్కడ? దెబ్బలు తింటున్న ఆడది ఏ తలుపు తట్టాలి? బడి లేని నాడు ఆ గుడ్డు ఎవరు పెట్టాలి? జబ్బు లేనప్పుడే తీరిగ్గా రాసి పెట్టుకోవలసిన మాటలివి.

మా నాయనమ్మ కాలంలో అమ్మవారు పోస్తే గుమ్మానికి వేపమండ కట్టేవారట. ఆ ఇంట్లోకి ఎవరూ పోకూడదు. కాని ఆ మండ విప్పడానికి కూడా ఒక రోజుండేది. వేపాకు నీళ్ళు కాచి తలకు పోసి, మనిషిని మళ్ళీ నలుగురిలో కలుపుకునేవారు. ఆ మశూచి మన దేశంలో 1975తో ఆఖరయింది. కట్టడమే కాదు, విప్పి కలుపుకోవడం కూడా ఒక విధాయకమని వాళ్ళకు ఎవరు నేర్పారో!

మొన్న పాత హిసాబు పుస్తకం తిరగేస్తుంటే 2020 జూన్ పేజీలో అక్క జీతం దగ్గర గీత కనబడింది. గీత అంటే ఇవ్వలేదని. ఆ సాయంకాలం ఆమె వస్తే డబ్బు చేతిలో పెట్టాను.

"ఇదేందమ్మా?" అన్నది.

"పాత బాకీ అక్కా."

ఆమె ఒక నిమిషం నా మొహం చూసింది. ఏ బాకీ అని అడగలేదు. డబ్బు కొంగుకు ముడి వేసుకుని బోళ్ళ దగ్గరకు నడిచింది. నీళ్ళ బకెట్ మాత్రం నేనే ఎత్తి పెట్టాను.