చేయి ఒకచోట, గీత ఇంకోచోట

డ్రాయింగ్ టాబ్లెట్ కొందామని చూడటం మొదలుపెడితే ముందుగా ఎదురయ్యే ప్రశ్న ఒకటే. స్క్రీన్ ఉన్నదా, లేనిదా? ఉన్నదైతే కాగితం మీద లాగే పెన్ను పెట్టిన చోటే గీత పడుతుంది. లేనిదైతే నల్ల పలక లాంటిది బల్ల మీద ఉంటుంది, చేయి దాని మీద కదులుతుంది, గీత మాత్రం ఎదురుగా ఉన్న కంప్యూటర్‌లో పడుతుంది. ధరలో తేడా కూడా చాలానే. ఈ సందేహం మనకి కొత్తగా వచ్చింది కాదండీ, దీనికి అరవై ఏళ్ళు దాటాయి. ఆ కథ తెలిశాకే నాకు ఏది కొనాలో తేలింది.

చేయి ఒకచోట, గీత ఇంకోచోట అన్న ఆలోచన అంతకన్నా పాతది. అమెరికాలో ఎలీషా గ్రే అని ఒకాయన ఉండేవాడు. 1876లో గ్రాహం బెల్ టెలిఫోన్ పేటెంటుకి దరఖాస్తు పెట్టిన రోజే ఈయన కాగితాలు కూడా ఆ ఆఫీసుకి చేరాయి. పేరు బెల్‌కి దక్కింది. గ్రే ఊరుకోలేదు, 1888లో టెలాటోగ్రాఫ్ అనే యంత్రానికి పేటెంటు తీసుకున్నాడు. ఇక్కడ పెన్నుతో రాస్తే తీగ అవతల ఉన్న పెన్ను అదే దస్తూరితో రాసేది. తర్వాత బ్యాంకులు, రైల్వే స్టేషన్లు కూడా దీన్ని వాడుకున్నాయి.

ఇక కంప్యూటర్ల కాలానికి వద్దాం. 1963లో ఎం.ఐ.టి.లో ఐవాన్ సదర్లాండ్ అనే విద్యార్థి స్కెచ్‌ప్యాడ్ తయారుచేశాడు. లైట్ పెన్నుని తెరకే ఆనించి బొమ్మ గీయొచ్చు. చూడ్డానికి అద్భుతమే. కానీ నిలువుగా ఉన్న తెర మీద చేయి ఎత్తి ఎంతసేపు గీస్తాం? అటక దులిపిన రోజు మన భుజాల సంగతి మనకి తెలిసిందే కదా!

మరుసటి ఏడాదే, 1964లో, కాలిఫోర్నియాలోని ర్యాండ్ సంస్థలో డేవిస్, ఎల్లిస్ అనే ఇద్దరు ఆ పలకని తెచ్చి బల్ల మీద పడుకోబెట్టారు. సుమారు 10 అంగుళాల చదరం. దాని అడుగున అడ్డంగా, నిలువుగా సన్నని రాగి గీతలు. పెన్ను ఎక్కడుందో 10 లక్షలకి పైగా చుక్కల్లో గుర్తుపట్టేది. చేయి హాయిగా బల్ల మీద, చూపు తెర మీద. ధర మాత్రం అప్పట్లోనే 18,000 డాలర్లని చెబుతారు. మన ఇళ్ళలోకి వచ్చే వస్తువు కాదు!

ఇళ్ళలోకి తెచ్చినవాళ్ళలో 1983లో జపాన్‌లో పుట్టిన వాకామ్ ముఖ్యమైనది. వాళ్ళ పెన్నుకి వైరూ అక్కర్లేదు, బ్యాటరీ కూడా అక్కర్లేదు. పెన్నులో ఉన్న తీగచుట్టకి పలకే శక్తినిస్తుంది. నొక్కితే గీత లావు, వదిలితే సన్నం. 2001లో సింటిక్ పేరుతో వాళ్ళే స్క్రీన్ మీద గీసేది కూడా తెచ్చారు. 2015లో ఆపిల్ పెన్సిల్ వచ్చింది. అంటే సదర్లాండ్ దారీ ర్యాండ్ దారీ రెండూ బతికే ఉన్నాయన్నమాట.

ఇప్పుడు నా అవసరం చెబుతాను. మా అత్తయ్యగారి దగ్గర ముగ్గుల పుస్తకం ఒకటుంది. కాగితాలు పట్టుకుంటే పొడి రాలుతున్నాయి, పెన్సిల్ గీతలు సగం చెరిగిపోయాయి. ఫోటో తీస్తే ఉన్న సగమే వస్తుంది. మిగతా సగం ఆవిడ మనసులోనే ఉంది, ఆవిడకిప్పుడు చేయి వణుకుతుంది. ఆవిడ చెబుతుంటే నేను గీయాలి. స్క్రీన్ ఉన్న టాబ్లెట్ మీద గీస్తే నా చేయే ముగ్గుకి అడ్డం. స్క్రీన్ లేనిదైతే పెద్ద మానిటర్ ముందు ఇద్దరం కూర్చోవచ్చు. అందుకే నేను ర్యాండ్ వాళ్ళ పక్షం. గీసే చోటు 6 అంగుళాలుంటే మణికట్టుతోనే గీయాల్సి వస్తుందని, 8 అంగుళాలు దాటిన మీడియం సైజు తీసుకున్నాను.

అలవాటుకి పది రోజులు పట్టింది. మొదట్లో చూపు చేతి మీదికే పోతుంది. కుట్టు మిషను గుర్తుచేసుకోండి. కాళ్ళు కింద తొక్కుతుంటాయి, చూపు సూది మీదే ఉంటుంది. ఇదీ అంతే. పలక తెరకి సూటిగా ఉండాలి, వంకరగా పెడితే గీత వంకర పోతుంది. సెట్టింగుల్లో పలక కొలత తెర ఆకారానికి సరిపోకపోతే గుండ్రం కోడిగుడ్డవుతుంది. నొక్కుడు 8192 స్థాయిలని డబ్బా మీద రాస్తారు గానీ, మన చేతి బరువుకి తగ్గట్టు దాన్ని సర్దుకోవడమే ముఖ్యం. సాధనకి ముగ్గుని మించింది లేదు. చుక్కలు పెట్టడం, కలపడం, రోజూ గిన్నెలయ్యాక పావుగంట.

నిన్న 15 చుక్కలు, సందు చుక్క 8 దాకా ఉన్న ముగ్గు పూర్తయింది. "ఆ మూల తిప్పు ఇటు కాదమ్మా, అటు" అని అత్తయ్యగారు తెర మీద వేలు పెట్టి చూపించారు. ఆ తిప్పు పుస్తకంలో లేదు. ఇంకా ముప్ఫై పేజీలున్నాయి. మీ ఇంట్లోనూ ఇలాంటి పుస్తకం ఉంటే, చెప్పేవాళ్ళు పక్కనుండగానే మొదలుపెట్టండి.