నిలబడ్డారు... పాడలేదు!

*ముగ్గురు బడిపిల్లల మౌనం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. గుత్తిలో పుట్టిన న్యాయమూర్తి ఆ మౌనానికి రాజ్యాంగం అండ ఉందన్నారు.*

1985 జులై 26న కేరళలోని కొట్టాయం జిల్లాలో ఒక హైస్కూలు ముగ్గురు పిల్లల్ని బడి నుంచి తీసేసింది. ముగ్గురూ ఒకే ఇంటివాళ్లు. ఒకరిది పదో తరగతి, ఒకరిది తొమ్మిది, ఇంకొకరిది అయిదు. వాళ్లు ఎవరితోనూ గొడవపడలేదు, పరీక్షల్లో కాపీ కొట్టలేదు. పొద్దున్నే అసెంబ్లీలో 'జనగణమన' మొదలవగానే అందరితోపాటు నిటారుగా నిలబడేవారు. పాట మాత్రం పాడేవారు కాదు. వాళ్లకన్నా ముందు అదే బడిలో చదివిన అక్కలూ అంతే. ఏళ్ల తరబడి ఎవరికీ అది తప్పుగా తోచలేదు.

ఆ జులైలో ఒక ఎమ్మెల్యే కంట పడింది. శాసనసభలో ప్రశ్న వేశారు. ప్రభుత్వం విచారణ సంఘాన్ని నియమించింది. పిల్లలు బుద్ధిమంతులేననీ, జాతీయగీతాన్ని అగౌరవపరచలేదనీ ఆ సంఘమే తేల్చింది. అయినా విద్యాశాఖ అధికారి ఆదేశంతో ప్రధానోపాధ్యాయురాలు వాళ్లని పంపించేశారు. తండ్రి హైకోర్టుకు వెళ్లారు. అక్కడ రెండుసార్లూ చుక్కెదురైంది.

ఆ కుటుంబం యెహోవాసాక్షులది. పంతొమ్మిదో శతాబ్దం చివర్లో అమెరికాలోని పెన్సిల్వేనియాలో పుట్టి, 1931లో ఈ పేరు పెట్టుకున్న క్రైస్తవ శాఖ ఇది. భక్తి దేవుడికి తప్ప మరి దేనికీ చెందదని వీళ్ల నమ్మకం. అందుకే జెండాకు వందనం చేయరు, జాతీయగీతం పాడరు, సైన్యంలో చేరరు. ఇది భారతదేశం మీద అలిగి పెట్టుకున్న నియమం కాదు. ఏ దేశంలో ఉన్నా వీళ్లది ఇదే పద్ధతి, దానికి ప్రతిచోటా మూల్యం చెల్లించారు.

అమెరికాలో ఆముదం శిక్ష

యాభై ఏళ్లు వెనక్కి వెళ్తే, 1935లో పెన్సిల్వేనియాలోని మైనర్స్‌విల్ అనే బొగ్గుగనుల ఊళ్లో సరిగ్గా ఇలాంటి కథే నడిచింది. యెహోవాసాక్షుల ఇంటి అక్కాతమ్ముళ్లు బడిలో జెండాకు వందనం చేయబోమన్నారు. బడి వాళ్లని తీసేసింది. అప్పట్లో అమెరికా పిల్లలు జెండా వైపు చెయ్యి చాచి వందనం చేసేవారు. జర్మనీలో హిట్లర్‌కు చేస్తున్న వందనమూ దాదాపు అలాగే ఉండేది. 'హైల్ హిట్లర్' అననందుకు అక్కడ యెహోవాసాక్షులు జైళ్లపాలయ్యారు. నిర్బంధ శిబిరాల్లో వాళ్ల గుర్తుగా చొక్కామీద ఊదారంగు త్రికోణం కుట్టారు. శిబిరాల్లో, జైళ్లలో వెయ్యిమంది దాకా జర్మన్ సాక్షులు ప్రాణాలు పోగొట్టుకున్నారు.

మైనర్స్‌విల్ కేసులో 1940 జూన్ 3న అమెరికా సుప్రీంకోర్టు ఎనిమిది మంది ఒక వైపు, ఒక్కరు మరో వైపుగా తీర్పు ఇచ్చింది. జాతీయ ఐక్యత కోసం బడి వందనాన్ని తప్పనిసరి చేయవచ్చని జస్టిస్ ఫెలిక్స్ ఫ్రాంక్‌ఫర్టర్ రాశారు. జస్టిస్ హార్లన్ స్టోన్ ఒక్కరే కాదన్నారు. ఐరోపాలో యుద్ధం రగులుతోంది, అమెరికాలో అనుమానం ముదురుతోంది. ఈ తీర్పు అల్లరిమూకల చేతికి దొరికిన అనుమతిపత్రమైంది. వారం తిరగకముందే మెయిన్ రాష్ట్రంలోని కెన్నెబంక్‌లో సాక్షుల ప్రార్థనా మందిరాన్ని తగలబెట్టారు. ఇల్లినాయ్‌లోని లిచ్‌ఫీల్డ్‌లో అరవై మంది దాకా సాక్షుల మీద మూక విరుచుకుపడింది. వెస్ట్ వర్జీనియాలోని రిచ్‌వుడ్‌లో సాక్షాత్తూ డిప్యూటీ షెరీఫ్ నాయకత్వంలో సాక్షుల చేత బలవంతంగా ఆముదం తాగించి, తాడుతో కట్టి వీధుల్లో నడిపించి ఊరి బయటికి తరిమారు. వేలమంది పిల్లలు బడికి దూరమయ్యారు.

కొట్టినవాళ్లలో చాలామంది ఆదివారం చర్చికి వెళ్లేవాళ్లే. క్రైస్తవుల మీద పీడన అనగానే ఎవరో పరమతస్థుల చేతుల్లో జరిగిందనే ఊహ వస్తుంది. ఇక్కడ పీడించిందీ, పీడన పడిందీ ఒకే బైబిలు చదివినవాళ్లు. అధికారం, సంఖ్యాబలం ఒక పక్కన చేరి, రెండో పక్కన నలుగురు మిగిలినప్పుడు ఏ మతమైనా రెండు పాత్రల్లోనూ కనిపించగలదు.

ఈ ఘోరాలు చూశాక న్యాయమూర్తులే కలతపడ్డారు. 1942లో మరో కేసు సందర్భంగా, మునుపు ఫ్రాంక్‌ఫర్టర్‌తో కలిసి సంతకం చేసిన ముగ్గురు తమ తీర్పు తప్పని బాహాటంగా ఒప్పుకున్నారు. 1943 జూన్ 14న, అమెరికా జెండా దినోత్సవం నాడే, వెస్ట్ వర్జీనియాకు చెందిన బార్నెట్ కేసులో కోర్టు 6-3 మెజారిటీతో పాత తీర్పును కొట్టేసింది. దేశభక్తిలో, మతంలో ఏది సరైన నమ్మకమో నిర్ణయించే అధికారం ఏ సర్కారు అధికారికీ లేదన్నది జస్టిస్ రాబర్ట్ జాక్సన్ రాసిన తీర్పు సారాంశం. అప్పటికి అమెరికా ప్రపంచయుద్ధం మధ్యలో ఉంది. పిల్లలు వందనం చేయనందువల్ల ఆ దేశం ఆ యుద్ధం ఓడిపోలేదు.

గుత్తి నుంచి ఢిల్లీకి

కేరళ పిల్లల కేసు 'బిజో ఇమ్మాన్యుయేల్ వర్సెస్ స్టేట్ ఆఫ్ కేరళ' పేరుతో సుప్రీంకోర్టుకు చేరినప్పుడు విన్నవారు ఇద్దరు: జస్టిస్ ఒ.చిన్నపరెడ్డి, జస్టిస్ ఎం.ఎం.దత్. 1986 ఆగస్టు 11న తీర్పు వచ్చింది. రాసినది చిన్నపరెడ్డి. 1922లో అనంతపురం జిల్లా గుత్తిలో పుట్టి, ఆంధ్రప్రదేశ్ హైకోర్టులో న్యాయమూర్తిగా చేసి, 1978లో సుప్రీంకోర్టుకు వెళ్లినవారాయన.

ఆయన ముందుగా అడిగింది చాలా సూటి ప్రశ్న. జాతీయగీతం పాడి తీరాలని చెప్పే చట్టం ఏదైనా ఉందా? లేదు. 1971 నాటి జాతీయ గౌరవ చట్టం పాడేవాళ్లని అడ్డుకోవడాన్ని, పాడే సభను భంగపరచడాన్ని నేరమంటోంది. మౌనంగా నిలబడటం ఆ రెండింటిలో ఏదీ కాదు. ఇక విద్యాశాఖ సర్క్యులర్ల విషయం. 19వ అధికరణం ఇచ్చిన భావప్రకటన స్వేచ్ఛను, 25వ అధికరణం ఇచ్చిన మతస్వేచ్ఛను కత్తిరించాలంటే చట్టం కావాలి, దానికీ రాజ్యాంగం గీసిన హద్దులుంటాయి. శాఖాపరమైన సర్క్యులర్ అందుకు చాలదు. మాట్లాడే హక్కులోనే మౌనంగా ఉండే హక్కూ ఇమిడి ఉంది. లేచి నిలబడటంలోనే గౌరవం ఉందని కూడా కోర్టు గుర్తించింది.

తీర్పులో అన్నిటికంటే విలువైన మాట మరొకటుంది. ఆ నమ్మకం న్యాయమూర్తి బుద్ధికి నచ్చుతోందా, హేతుబద్ధంగా ఉందా అన్నది కోర్టుకు అనవసరం. అది నిజాయతీగా, మనస్సాక్షిగా పట్టుకున్న నమ్మకమేనా అన్నదే చూడాలి. మనకు వింతగా తోచే నమ్మకానికి చోటు ఇవ్వగలిగినప్పుడే మతస్వేచ్ఛకు అర్థం ఉంటుంది. నచ్చిన నమ్మకానికి రక్షణ ఎలాగూ అక్కర్లేదు. పిల్లల్ని తిరిగి బడిలో చేర్చుకోవాలని కోర్టు ఆదేశించింది. సహనం మన సంప్రదాయమనీ, దాన్ని పలచబరచవద్దనీ హితవు చెప్పి తీర్పు ముగించింది.

ఏది పీడన? ఏది కాదు?

క్రైస్తవుల మీద పీడన అనే ఆరోపణ నేడు ప్రపంచమంతా వినిపిస్తోంది. అన్నిటినీ ఒకే గాటన కట్టలేం. 1962లో న్యూయార్క్ బడుల్లో ప్రభుత్వ మండలి రాసిచ్చిన ప్రార్థనను అమెరికా సుప్రీంకోర్టు ఆపింది. మరుసటి ఏడాది బడి తరఫున జరిగే బైబిలు పఠనాన్నీ ఆపింది. దేవుణ్ణి బడి నుంచి వెళ్లగొట్టారని చాలామంది బాధపడ్డారు. ఆ బాధ నిజమే కావచ్చు. కానీ ఏ పిల్లవాడూ మనసులో ప్రార్థించుకునే హక్కు పోగొట్టుకోలేదు. పోయింది సర్కారు చేత తమ ప్రార్థన చేయించే వెసులుబాటు.

ఒడిశాలో జరిగింది వేరు. 1999 జనవరిలో మనోహర్‌పూర్‌లో ఆస్ట్రేలియా మిషనరీ గ్రాహం స్టెయిన్స్‌ను, ఆయన ఇద్దరు చిన్నకొడుకులను వాహనంలోనే సజీవంగా కాల్చేశారు. 2008లో కంధమాల్‌లో ఒక స్వామీజీ హత్య తరవాత క్రైస్తవుల మీద చెలరేగిన హింసలో పదుల సంఖ్యలో చనిపోయారు, వేల ఇళ్లు నాశనమయ్యాయి. రష్యా 2017లో యెహోవాసాక్షుల సంస్థను తీవ్రవాద సంస్థగా ముద్ర వేసి నిషేధించింది. ఇంట్లో కూడి బైబిలు చదివినవాళ్లూ జైలుకెళ్లారు. 2022లో ఐరోపా మానవహక్కుల న్యాయస్థానం ఆ నిషేధాన్ని తప్పుపట్టింది.

కాబట్టి ఆరోపణ విన్నప్పుడు అడగాల్సింది ఒకటే: పోయింది ప్రత్యేక హోదానా, లేక ప్రాణమో ఇల్లో చదువో స్వేచ్ఛో పోయిందా? మొదటిదాన్ని పీడన అంటే రెండోదాన్ని భరించినవాళ్లకు అన్యాయం. రెండోదాన్ని పట్టించుకోకపోతే అంతకంటే పెద్ద అన్యాయం.

కేరళలో ఆ పాత కోపం ఇంకా పూర్తిగా చల్లారలేదు. 2023 అక్టోబర్ 29న కొచ్చి దగ్గర కలమస్సేరిలో యెహోవాసాక్షుల సమావేశంలో బాంబులు పేలి పలువురు చనిపోయారు. తానే చేశానని చెప్పుకున్న వ్యక్తి ఒకప్పుడు వాళ్లలోనివాడే. వాళ్ల బోధనలు దేశానికి వ్యతిరేకమన్నాడు. జాతీయగీతం పాడొద్దని పిల్లలకు నేర్పడాన్నీ తప్పుల్లో లెక్కగట్టాడు.

చిన్నపరెడ్డి తీర్పు క్రైస్తవులకు ఇచ్చిన మినహాయింపు కాదు. మన రాజ్యాంగంలోని 28వ అధికరణం ఏమంటోందో చూడండి. ప్రభుత్వ గుర్తింపు లేదా గ్రాంటు ఉన్న విద్యాసంస్థలో చదివే ఎవరినీ వారి సమ్మతి లేకుండా, మైనర్లైతే సంరక్షకుల సమ్మతి లేకుండా, మతబోధనకో ప్రార్థనకో కూర్చోబెట్టకూడదు. గుంటూరులోనో మచిలీపట్నంలోనో మిషనరీ బడిలో చదివే హిందూ పిల్లకు దక్కే రక్షణ అది. కేరళ పిల్లలకు దక్కిన రక్షణా ఇదే దారిలోది. అక్కడ క్రైస్తవ పిల్లల మౌనం గెలిచింది, ఇక్కడ హిందూ పిల్ల మౌనం గెలుస్తుంది. ఏ ఊళ్లో ఎవరు తక్కువమందిగా ఉంటే వాళ్లకు ఈ హక్కు అండగా నిలుస్తుంది. అందుకే తనది ఎంత పెద్ద మతమైనా, పొరుగువాడి మౌనాన్ని కాపాడటం ప్రతివాడికీ సొంత బాధ్యత.