డబ్బింగ్ నిషేధమూ, మన తెలుగూ

2022 మార్చి 19న చిక్కబళ్ళాపురంలో 'ఆర్.ఆర్.ఆర్.' సినిమా విడుదలకు ముందు పెద్ద సభ జరిగింది. ముఖ్యమంత్రి బసవరాజ్ బొమ్మై కూడా వచ్చారు. మా మంచేనహళ్ళి కుర్రాళ్ళు బైకుల మీద వెళ్ళి అర్ధరాత్రికి తిరిగొచ్చారు. ఆ సినిమాకు కన్నడ డబ్బింగూ సిద్ధంగా ఉండింది. "ఇది కన్నడం మీద గౌరవమా, వసూళ్ళ మీద ప్రేమా?" అని ఒక మిత్రుడు నన్నడిగాడు. బ్యాంకులో పనిచేసేవాడిని కాబట్టి లెక్క తేలుస్తానని కాబోలు.

లెక్క చూడాలంటే వెనక్కి వెళ్ళాలి. 1954లో హెచ్.ఎల్.ఎన్. సింహ కన్నడంలో 'బేడర కణ్ణప్ప' తీశారు. అదే కథ అదే ఏడాది తెలుగులో 'కాళహస్తి మహత్యం'గా వచ్చింది. రెండింటిలోనూ రాజ్‌కుమారే నాయకుడు. 1957 నాటి 'మాయాబజార్' 1965లో కన్నడం మాట్లాడింది. అప్పటికే అ.న. కృష్ణరావు వంటి రచయితలు, రాజ్‌కుమార్ వంటి నటులు డబ్బింగ్ వద్దని గొంతెత్తారు. క్రమంగా తలుపు మూసుకుంది. చట్టమేమీ లేదు, పరిశ్రమ కట్టుబాటే చట్టమయింది.

వాళ్ళ భయం ఉత్తది కాదు. అప్పటి కన్నడ చిత్రసీమ చిన్నది, షూటింగులు ఎక్కువగా మద్రాసు స్టూడియోల్లోనే. కొత్త సినిమా తీసే ఖర్చులో ఏ కొద్దిపాటితోనో డబ్బింగ్ బొమ్మ తయారవుతుంది. అది నిండా ఆడితే కన్నడ నటుడికి, పాటల రచయితకు, లైట్లు మోసేవాడికి పని ఉండదు. కాబట్టి మొదట్లో భాషాభిమానమూ జీవనోపాధీ ఒకే పద్దులో ఉండినాయి.

తర్వాత అవి విడిపోయినాయని నా అనుమానం. డబ్బింగ్ వద్దన్న పరిశ్రమే తెలుగు, తమిళ కథల హక్కులు కొని రీమేకులు తీసింది. పరాయి కథ కన్నడ సంస్కృతిని చెడుపుతుందంటే రీమేకూ చెడపాలి కదా! తేడా అల్లా, రీమేకులో కూలీ లాభమూ ఇక్కడే మిగులుతాయి. నేను దాన్ని తప్పనను. కూలిని కూలి అనే రాసుకోవాలి, భక్తి పద్దులో రాయకూడదు. 2004లో పరభాషా చిత్రాలు ఏడు వారాలు ఆగి రావాలన్నప్పుడు సంగతి ఇంకా తేటపడింది. ఆ చిత్రాలు డబ్ అయినవి కావు, వాటి భాషలోనే వచ్చేవి. అక్కడ కాపాడింది థియేటర్ల వారాలను.

అయితే ఆ నిషేధం మనకు చేసిన మేలు ఎవరూ అనుకుని చేసింది కాదు. మేము బడిలో చదివింది కన్నడం, రేషన్ కార్డు మీద కన్నడం, కచేరీలో కన్నడం. తెలుగు ఇంట్లోనూ, సంతలోనూ. మా అమ్మకు ఏ లిపీ రాదు. అలాంటివాళ్ళు నలుగురి మధ్య కూర్చుని పెద్ద గొంతుతో తెలుగు విన్న చోటు టెంటు ఒక్కటే. రీలు పెట్టెలు ఊళ్ళు మారి వచ్చే కాలం అది. కన్నడ డబ్బింగుకు అనుమతి ఉండి ఉంటే, పంపిణీదారుడు తుమకూరుకు పంపిన పెట్టెనే మాకూ పంపేవాడేమో. ప్రత్యేకంగా తెలుగు ప్రింటు ఎందుకు తెస్తాడు? కన్నడం కోసం కట్టిన గోడ నీడన మా తెలుగు నిలబడింది.

2015లో కాంపిటీషన్ కమిషన్ ఆ కట్టుబాటును తప్పుబట్టి, ఫిల్మ్ చేంబరుకు జరిమానా వేసింది. 2017లో 'సత్యదేవ్ ఐపీఎస్', 2019లో 'సైరా' కన్నడంలో వినిపించాయి. ఈలోగా 2018లో 'కె.జి.ఎఫ్.', 2022లో 'కాంతార' తెలుగులోకి డబ్ అయి దండిగా సంపాదించాయి. ఆ లాభం మీద ఎవరికీ అభ్యంతరం కలగలేదు. 'ఆర్.ఆర్.ఆర్.' విడుదలైనప్పుడు మాత్రం తమాషా జరిగింది. కర్ణాటకలో కన్నడ ఆటలు తక్కువ పెట్టారని ఇంటర్నెట్లో బహిష్కరణ పిలుపు వచ్చింది. ఒకప్పుడు డబ్బింగే వద్దన్నారు, ఇప్పుడు డబ్బింగే చాలలేదన్నారు. నా మిత్రుడికి నేను చెప్పింది ఇదే: తెలుగు టికెట్టు తెగినన్నాళ్ళు తెలుగు ఆట వేస్తారు. అంతకు మించిన హామీ లేదు.

మొన్న పండక్కి మా అన్న మనవడు 'ఆర్.ఆర్.ఆర్.' ఫోన్లో కన్నడంలో పెట్టుకున్నాడు. తెలుగుది పెట్టరా అంటే, "రెండూ అర్థమయేవే కదా తాతా" అన్నాడు. పక్కనున్న మా అమ్మ ఏమీ అనలేదు, చెవి ఒగ్గి వింటూ కూర్చుంది.